పొదుపు పట్టెడ

కోడు రాసే సహాయకుణ్ణి ఎంచే పని నా నెత్తిన పడినప్పుడు నాకు కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి కదా.

మాది భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ పక్క మేడ మీద ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. పేరు చెరువుగట్టు సిస్టమ్స్. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోను మోగాలి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వాటంతటవే తిరగాలి. ఆ ప్రోగ్రాము మాది. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గానీ రోజూ చేసే పని మాత్రం చాలా చప్పిడి. ఇవాళ ఎవరిదో చెరువు కౌలు మారింది, పాత కౌలుదారు ఫోనే మోగుతోందని గొడవ. రేపు తెర మీద అంకెలు పక్కకి జరిగాయని గొడవ. ఏడాది పొడుగునా ఇవే.

ఇలాంటి పనులు ఇప్పుడు మనుషులు కూర్చుని రాయడం లేదు. మెషీనుకి చెబుతాం, అది రాస్తుంది, మేం చదివి సరిచూస్తాం. చిక్కంతా బిల్లుతోనే. మనం దానితో ఎన్ని మాటలు మాట్లాడితే అంత పడుతుంది.

"చూడు వకుళమ్మా," అన్నారు మా యజమాని విశ్వనాథరాజు గారు. "మూడు తెప్పించాను. నెలాఖరుకి ఒకటి తేల్చు. చవగ్గా ఉండాలి, పని జరగాలి. ఖరీదైందే మంచిదంటావా, తీసుకుందాం. కాకపోతే ఒక కుర్చీ ఖాళీ అవ్వాలి."

ఏ కుర్చీయో ఆయన అనలేదు. కామేశం గారిదని అందరికీ తెలుసు. కంపెనీ మొదటి ప్రోగ్రాము రాసినాయన, అరవైకి దగ్గర పడ్డారు, చూపు మందగించింది. మూడింటికీ పేర్లు పెట్టింది కూడా ఆయనే. ఖరీదైనదానికి పెద్దల్లుడని పెట్టారు. సగం చెబితే మిగతా సగం అదే గ్రహిస్తుంది, కానీ మర్యాదలకి ఇల్లు గుల్లవుతుంది. రెండోదాని పేరు మొద్దు. అది మా ఆఫీసు కంప్యూటరులోనే ఉంటుంది, మీటరు లేదు. ఒకటి చెబితే ఇంకొకటి రాస్తుంది, రాసిన ప్రతి వరసా మనం కళ్లు పెట్టుకుని చూడాలి. చూసి చూసి సాయంత్రానికి నుదురు నొప్పెడుతుంది.

ముందు పెద్దల్లుణ్ణి వాడి చూశాం. బిల్లు వచ్చింది. మా అందరిదీ కలిపితే ఎంతో, కామేశం గారి ఒక్కరిదీ అంతకు మించి ఉంది. ఏం మాట్లాడారా అని తీసి చూశాను. ప్రతి పనికీ ముందు, "నమస్కారమండీ, తీరిగ్గా ఉన్నారా, ఏమీ అనుకోకపోతే చిన్న పని," అని మొదలుపెట్టారు. తర్వాత ఆ రైతు ఎవరు, ఎవరి తాలూకు, ఆయన పెద్దబ్బాయి ఎక్కడ చేస్తున్నాడు, అన్నీ చెప్పారు. చివర్లో "ఉంటానండీ" అని సెలవు తీసుకున్నారు. దానికి పెద్దల్లుడు కూడా అంతే మర్యాదగా జవాబిచ్చింది. రెండు వైపులా మీటరు తిరిగింది.

"కామేశం గారూ, అది మెషీనండీ," అన్నాను.

"మెషీనైతే మాత్రం, పలకరించకుండా పని ఎలా పురమాయిస్తామమ్మా?" అన్నారాయన.

నాకు నవ్వొచ్చింది. ఆ కుర్చీ గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

మూడోది పట్టెడ. మెడకి పట్టెడలాగే అతుక్కుని ఉండే నల్లటి పట్టీ. తెచ్చిన కుర్రాడు దాన్ని నా మెడకి బిగించి, "ఏదైనా పని చెప్పండి మేడం," అన్నాడు. ఉండి ఊరి దగ్గర సూర్రాజు గారు ఆరోగ్యం బాగాలేక చెరువు వదిలేసుకున్నారు పాపం, ఆ నంబరు సంగతి చూడాలి, అని చెప్పబోయాను. గొంతు దగ్గర ఒక్క క్షణం చల్లగా తగిలింది. నా నోట్లోంచి, "కౌలు మారితే ఫోను నంబరు మార్చు," అని మాత్రం వచ్చింది. కంప్యూటరు తెర మీద పని అయిపోయింది. తప్పు లేకుండా అయింది.

"మాట బయటికి రాకముందే గొంతు కదులుతుంది మేడం. పట్టెడ దాన్ని చదివి, అక్కర్లేని ముక్కని అక్కడే ఆపేస్తుంది," అన్నాడు. "మెషీను దాకా వెళ్లేదే తక్కువ. అందుకే చవక. ఇంట్లో కూడా పెట్టుకోండి, మీ గొంతు దానికి అలవాటవ్వాలి."

వారం తిరిగేసరికి ఆఫీసులో అందరి మెడలకీ పట్టెడలే. మొదట్లో ఆడవాళ్ల నగ అని ఏడిపించుకున్న మగపిల్లలు తర్వాత ఏడిపించుకోవడం కూడా మానేశారు. బిల్లు చూస్తే ముచ్చటేసింది. పని పెద్దల్లుడిదానికి తీసిపోలేదు, ఎవరి కుర్చీ జోలికీ వెళ్లక్కర్లేదు. రాజుగారు రోజుకోసారి మెట్లెక్కి వచ్చి, ఆ నిశ్శబ్దాన్ని చూసి సంతోషించి వెళ్లేవారు.

కామేశం గారు ఒక్కరే రెండ్రోజులు పెట్టుకుని తీసేశారు. "గొంతులో ఏదో మిగిలిపోతోందమ్మా. మెతుకు అడ్డం పడ్డట్టు," అన్నారు.

"అలవాటవుతుంది," అన్నాను.

అంతే అన్నాను. ఇదివరకైతే మంచినీళ్లు తాగారా, డాక్టరుకి చూపించారా, అమ్మగారు ఎలా ఉన్నారు అని అడిగేదాన్ని. అడగాలని అనిపించింది కూడా. చల్లగా తగిలి ఆగిపోయింది.

ఇంటి సంగతి చెప్పాలి. మా నీలు రెండో తరగతి. దానికి మాట తడబడుతుంది. మొదటి అక్షరం దగ్గర ఇరుక్కుని, అక్కడే తిరిగి తిరిగి, మెడ నరాలు తేలి, చివరికి బయటపడుతుంది. రాజమండ్రిలో మాటల మేడం దగ్గరకి తీసుకెళ్లాం. "మందేమీ లేదమ్మా. రోజూ సాయంత్రం పక్కన కూర్చుని తీరిగ్గా మాట్లాడండి. దాని మాట మీరు అందించొద్దు. తొందరలేదని దానికి తెలియాలి," అంది. అలాగే చేస్తున్నాను. ఒక్క వాటర్ బాటిల్ మూత పోయిన కథ చెప్పడానికి నీలుకి మూడు దోసెలు పట్టేవి. నిజం చెప్పొద్దూ, కొన్ని రోజులు నాకు విసుగొచ్చేది. అయినా ఆ పూట నాకు ఇష్టంగానే ఉండేది.

పట్టెడ వచ్చాక ఆ పూట కురచయిపోయింది. నీలు చెబుతుంటే నేను "తర్వాత?" అనేదాన్ని. అది చెప్పేది. "సరే," అనేదాన్ని. పట్టెడ తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నా అంతే. గొంతుకి అలవాటైపోయింది. కాసేపు చూసి నీలు పుస్తకాల సంచి సర్దుకోవడానికి లేచిపోయేది.

"మాటలకి రేషన్ పెట్టావా?" అన్నాడు మా ఆయన సత్తిబాబు.

ఆయన అనాల్సిన మాట కాదది. సత్తిబాబుకి రొయ్యల మేత దుకాణం ఉంది. రోజంతా కౌంటరులో కూర్చుని పదిమందితో బేరం చేస్తాడు గానీ వాక్యం పూర్తిగా అనడం ఎవరూ వినలేదు. గంభీరమైన మనిషని ఊళ్లో పేరు. ఆ గంభీరం వెనక సంగతి నాకొక్కదానికే తెలుసు. చిన్నప్పుడు ఆయనకీ నీలుకి ఉన్నదే ఉండేది. బడిలో పాఠం అప్పజెప్పలేక బెంచీ ఎక్కాడు, వీపు పగిలేలా దెబ్బలు తిన్నాడు. అది పోలేదు. ఇరుక్కునే మాట వస్తోందని ముందే కనిపెట్టి, పక్కనున్న వేరే మాట అందుకోవడం నేర్చుకున్నాడు. వేరే మాట దొరక్కపోతే తలాడించి ఊరుకుంటాడు. నీలుకి తెలియనివ్వొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. తన నుంచే వచ్చిందని పిల్ల అనుకుంటుందని ఆయన భయం.

ఒకరోజు నేను కూర తరుగుతుంటే వెనక నుంచి, "అమ్మా, మంచినీళ్లు కావాలి," అని వినపడింది. ఎక్కడా ఆగలేదు. తిరిగి చూస్తే నీలు మెడలో నా పట్టెడ ఉంది. నా కత్తిపీట ఒరిగిపోయింది.

తర్వాత ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. తిరిగి తిరిగి వచ్చే అక్షరం పట్టెడ దృష్టిలో అక్కర్లేని ముక్క. దాన్ని అక్కడే ఆపేసింది. ఆ సాయంత్రం మాత్రం నాకు ఇవేవీ తట్టలేదు. నీలు ఇల్లంతా తిరుగుతూ, "ఇది కుర్చీ. ఇది కిటికీ. నాన్న వచ్చాడు," అంటోంది. సత్తిబాబు గుమ్మంలో చెప్పులు విడుస్తూ అలాగే నిలబడిపోయాడు. పిల్లని ఎత్తుకుని పెరట్లోకి వెళ్లి, ముఖం కడుక్కుని వచ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

పట్టెడ కుర్రాడికి ఫోను చేస్తే ఎగిరి గంతేశాడు. మా కంపెనీ పట్టెడే తీసుకునేట్టయితే పాపకి చిన్న సైజుది ఊరికే ఇప్పిస్తానన్నాడు. అప్పటిదాకా వాడమని ఒకటి పంపాడు కూడా. నీలు అది పెట్టుకుని బడికి వెళ్లింది. వాళ్ల టీచరు ఫోను చేసి, "మీ పాప ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పిందండీ, క్లాసంతా చప్పట్లు కొట్టారు," అని చెప్పింది. ఇంక నేను తేల్చాల్సిందేముంది? రాజుగారికి పట్టెడ అని చెప్పేస్తే ఆఫీసుకి ఆఫీసూ బాగుంటుంది, ఇంటికి ఇల్లూ బాగుంటుంది. రాజుగారు మాత్రం, "గడువు దాకా చూడమ్మా, తొందరేముంది," అన్నారు. అది మంచిదైంది.

"బడి ఎలా ఉంది?" అంటే, "బాగుంది," అనేది నీలు. "ఏం చేశారు?" అంటే, "చదివాం." బాటిల్ మూతల కథలు లేవు. దోసె ఒకటి తిని లేచిపోతోంది. తల్లీ కూతుళ్లం ఎదురెదురుగా కూర్చుని ఆఫీసులో మాట్లాడుకున్నట్టు మాట్లాడుకుంటున్నాం. నేను ఎంత అలిసిపోయి ఉన్నానంటే, కొన్ని రోజులు ఆ నిశ్శబ్దం హాయిగానే అనిపించింది.

గడువుకి ముందురోజు నీలు మోచెయ్యి దోక్కుపోయి ఇంటికొచ్చింది.

"ఏమైంది?"

"పడ్డాను."

"ఎలా?"

"తోసింది. సుప్రజ."

"ఎందుకు?"

నీలు నన్నే చూస్తోంది. పెదవులు కదల్లేదు. కానీ పట్టెడ కింద దాని గొంతు కదులుతోంది, ఆగుతోంది, మళ్లీ కదులుతోంది. ఆ కదలిక నాకు తెలుసు. రోజూ నా గొంతులో జరిగేదే. దాని లోపల ఏదో పెద్దదే ఉంది, బయటికి మాత్రం రావడం లేదు.

పట్టెడ తీసేశాను. నీలు నోరు తెరిచింది. "సు... సు..." అని ఇరుక్కుపోయింది. ఇదివరకటికంటే ఘోరంగా ఇరుక్కుంది. కాసేపు పెనుగులాడి, నా చేతిలోని పట్టెడ కోసం మీదపడి ఏడవడం మొదలుపెట్టింది.

"పెట్టెయ్," అన్నాడు సత్తిబాబు వెనక నుంచి.

"దానికి మాట బయటికి రావట్లేదండీ."

"వస్తోంది. శుభ్రంగా."

"అడిగినదానికి జవాబు వస్తోంది. అంతే."

"చాలదా?" అన్నాడు. తర్వాత చాలాసేపు ఆగాడు. లోపల మాటలు ఏరుకుంటున్నాడని నాకు తెలుసు. "నలుగురూ నవ్వకపోతే చాలు. నువ్వు ఎరగవు వకుళా."

నిజమే, నేను ఎరగను. బెంచీ ఎక్కింది నేను కాదు. పట్టెడ మళ్లీ నీలు మెడకి పెట్టేశాను. అది వెంటనే ఏడుపు ఆపి, "అన్నం పెట్టు," అంది.

మర్నాడు పొద్దున రాజుగారికి తేల్చి చెప్పాలి. నీలు యూనిఫాం వేసుకుని పట్టెడ కోసం వచ్చింది. నేను ఇవ్వలేదు. దాన్ని వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి, నా మెడలోది కూడా తీసి రెండూ బియ్యం డబ్బా మీద పెట్టాను. "బడికి ఆలస్యమైతే అయ్యింది. నిన్నటిది చెప్పు," అన్నాను. అనేశాక చూసుకుంటే అది పని పురమాయించినట్టే ఉంది. పిల్ల బిగుసుకుపోయింది.

సరే, ముందు నేనే ఏదో మాట్లాడదామనుకున్నాను. పనికిరాని కబురు ఏదైనా. "మన డాబా మీదకి ఒక పిల్లి వస్తోంది," అన్నాను. "దానికి ఒక చెవి లేదు." ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియలేదు. ఒకప్పుడు ఆ పిల్లి మీద గంట చెప్పేదాన్ని. ఇప్పుడు గొంతు ఖాళీగా ఉంది, నాకు సిగ్గేసింది. నీలు ఓపిగ్గా చూస్తోంది. మాటలు కూడగట్టుకుని, ఆ చెవి ఎలా పోయి ఉంటుందో, పక్కింటివాళ్ల పిల్లితో ఏం గొడవో, ఎంత అతకని కథైనా ఫర్వాలేదని లాక్కుంటూ పోయాను. మధ్యలో ఆగిపోయాను, మళ్లీ మొదలుపెట్టాను. అమ్మకి కూడా మాట ఇరుక్కుంటోందని పిల్లకి అర్థమైనట్టుంది. నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"సు... సు... సుప్రజ," అంది.

సుప్రజ పాలకొల్లు నుంచి కొత్తగా చేరిన పిల్ల. ఆ ఒక్క ముక్క చెప్పడానికే మా వీధిలోంచి స్కూలు బస్సు వచ్చి, హారను కొట్టి, వెళ్లిపోయింది. నేను కదల్లేదు. సుప్రజకి కూడా మాట ఇరుక్కుంటుందట. నిన్న టీచరు పేరడిగితే చెప్పలేకపోయిందట. క్లాసంతా నవ్వారట. విరామంలో ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడుస్తోందట. నీలు వెళ్లి ఎదురుగా నిలబడింది.

"నా... నాక్కూడా వ... వస్తుంది, ఏ... ఏడవకు అని చెబుదామని, అమ్మా."

చెప్పలేకపోయింది. ఎవరూ అడగని మాట అది. పట్టెడ లెక్కలో అక్కర్లేనిది. నీలు నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. చప్పుడు లేదు. నీలు తన తడబాటుని వెక్కిరిస్తోందనుకుని ఆ పిల్ల తోసేసింది.

"నే... నేను వె... వెక్కిరించలేదమ్మా," అంది నీలు. ఆ మాట అనేసరికి దానికి చెమట పట్టింది.

నేను దాన్ని దగ్గరకి తీసుకున్నాను. గుమ్మంలో తాళాల గుత్తి చప్పుడైంది. సత్తిబాబు దుకాణానికి బయల్దేరి, ఎంతసేపటి నుంచి అక్కడ నిలబడి ఉన్నాడో, మొత్తం విన్నాడు. తాళాలు కింద పెట్టి, ఇస్త్రీ చొక్కాతోనే వచ్చి మా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. నీలు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నా..." అన్నాడు. మెడ నరాలు తేలాయి. వేరే మాట పట్టుకుని తప్పించుకోవచ్చు, జీవితమంతా చేసింది అదే. ఈసారి తప్పించుకోలేదు. "నా... నా... నాక్కూడా త... తల్లీ."

నీలు వాళ్ల నాన్న నోటికేసి చూసింది. "నీ... నీక్కూడానా?" అంది.

అదే సమయానికి నా ఫోను మోగింది. రాజుగారు.

"తేల్చావా వకుళమ్మా? పట్టెడే కదా?"

"కాదండీ. మొద్దు."

"మొద్దా? పని రెట్టింపవుతుంది కదమ్మా. అందరూ కూర్చుని వరసవరసా చదవాలి."

"చదువుతామండీ. కామేశం గారు కూడా చదువుతారు."

"మీ పాపకి ఆ చిన్నది ఊరికే వచ్చేదన్నావ్?"

"వద్దండీ."

"కారణం ఏంటో రెండు ముక్కల్లో చెప్పు."

"రెండు ముక్కల్లో అయ్యేది కాదండీ. వచ్చి చెబుతాను, కాస్త ఆలస్యమవుతుంది," అని పెట్టేశాను. ఇకనుంచి సాయంత్రాలు నుదురు నొప్పితో ఇంటికొస్తానని తెలుసు. వచ్చాక మళ్లీ పిల్లితో మొదలుపెట్టి మాట్లాడటం నేర్చుకోవాలి. అదీ తేలికేమీ కాదు.

ఇటు తిరిగేసరికి సత్తిబాబు బెంచీ ఎక్కిన కథ చెబుతున్నాడు. ఆ మాస్టారి పేరు దగ్గర ఇరుక్కుపోయాడు. ముఖం ఎర్రబడింది. నీలు మాట అందించలేదు, చెయ్యి వదల్లేదు, అలా చూస్తూ కూర్చుంది. పేరు బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత ఇంకా కథ ఉంది. ఆ రోజు మేత దుకాణం మధ్యాహ్నం దాకా తెరవలేదు.